ఏటి దావ

హంద్రీ ఏరు కర్నూలు ఊళ్ళోకి వచ్చేసరికి జనం ముక్కు మూసుకుంటారు. పోయినేడు నేను నడక మొదలుపెట్టింది సరిగ్గా అక్కడే. తుంగభద్రలో హంద్రీ కలిసే చోట బయల్దేరి, గట్టు పట్టుకుని ఎగువకు కోడుమూరు దాకా నడవాలి. ఆదివారానికి నాలుగైదు మైళ్ళు. దారిలో కనబడ్డ ప్రతి బండకీ, మడుగుకీ, మలుపుకీ ఆ పక్క జనం ఏం పేరు పెట్టుకున్నారో అడిగి రాసుకోవాలి. రాసుకున్నదాన్ని ముప్పై గజాల ముతక గాడాగుడ్డ మీద ఏటి ఒండ్రుతోనూ పొయ్యి బొగ్గుతోనూ బొమ్మగా వెయ్యాలి. నా పేరు శిల్ప. బడిలో డ్రాయింగ్ టీచర్ని. నదుల పక్కన నడిచి బొమ్మలు వేసేవాళ్ళకి ఏడాది పాటు తోడుంటామని ఓ సంస్థ వాళ్ళు ముందుకొచ్చారు. దీన్ని పరిశోధన అంటారని వాళ్ళు చెప్పేదాకా నాకూ తెలీదు. మా ఇంట్లో దీన్ని తిరుగుడు అంటారు.

దారిని మా వైపు దావ అంటాం. ఏటి గట్టు మీది దారి ఏటి దావ. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, దీంతోనే నా కొంప మునిగింది.

నిజం చెప్పాలంటే నాకు నది మీద ప్రేమ ఒక్కటే కాదు. ఆ దావలో ఒక మైలు మా అమ్మది. ఆమె పేరు గురమ్మ, ఇప్పుడు డెబ్భై ఏళ్ళు. పుట్టింది బూరుగుదిన్నెలో, ఇచ్చింది ఎగువనున్న గడ్డపల్లెకి. రెండు ఊళ్ళకీ మధ్య ఏటి గట్టు మీద మైలు నడక. చిన్నప్పుడు బడికి సెలవులివ్వడం ఆలస్యం, అమ్మ నన్ను తీసుకుని పుట్టింటికి బయల్దేరేది. గడ్డపల్లెలో తలొంచుకుని, పెద్దవాళ్ళ ముందు గొంతు పెగలకుండా తిరిగే మనిషి, ఊరి చివర తుమ్మచెట్లు దాటగానే మారిపోయేది. చెప్పులు చేతిలో పట్టుకుని, కొంగు నడుముకు చుట్టి, ఇసుకలోకి దిగేది. దాహమేస్తే ఇసుకలో చేత్తో చెలిమ తవ్వేది. నీళ్ళు ఊరి తేటపడేదాకా ఇద్దరం దాని చుట్టూ గొంతుక్కూర్చునేవాళ్ళం. ఆ నీళ్ళ రుచి నాకిప్పటికీ నాలుక మీదుంది. దారి పొడవునా అమ్మ ఒక్కో చోటుకీ పేరు చెప్పుకుంటూ నడిచేది. ఇది బచ్చాల బండ, అది కోతి కచేరి, అదిగో దొరసాని. నేను ఆమె వెనకే ఆ పేర్లు అప్పజెప్పుకుంటూ పరుగెత్తేదాన్ని. మా అమ్మ అంత సంతోషంగా ఉండగా నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఆ దావ పోయింది. మా నాన్న శివన్న ఏట్లో మోటారు పెట్టి, దావకు అడ్డంగా పైపు వేశాడు. అమ్మ తమ్ముడు, మా మామ ఓబులేసు, దున్నుతుంటే మడక తగిలి అది పగిలింది. చూసి దున్నాల్సిందని ఒకరు, చూసి వెయ్యాల్సిందని ఒకరు. మాటా మాటా పెరిగింది. ఆ ఏడాది మామ తన చేను వెంబడి ఉన్న దావను కూడా చేనులో కలిపి దున్నేశాడు. మా నాన్న కోర్టులో దావా వేశాడు. దావ కోసం దావా. తొమ్మిదేళ్ళు వాయిదాలకు తిరిగారు. నాలుగో ఏట అమ్మను సాక్షిగా బోనెక్కించారు. ఆమె ఏమీ చెప్పలేదట, చివరికి కేసు కొట్టేశారు. ఆ తర్వాత చాన్నాళ్ళు నాన్న అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకు చెప్పలేదని నేనడిగితే, పని చూసుకోమనేది.

ఈ మధ్యలో నా పెళ్ళయింది. పెళ్ళికూతుర్ని పీటల మీదికి తెచ్చే పని మేనమామది. మా మామ రాలేదు. వరసకు మామయ్యే ఇంకో ఆయన ఎవరో తెచ్చి కూర్చోబెట్టాడు. ఆయన పేరు కూడా నాకు గుర్తులేదు. రాని ఆయన మీద కోపం మాత్రం పదహారేళ్ళుగా అలాగే ఉంది. నాన్న పోయినప్పుడు మామ వచ్చాడు, వీధిలోనే నిలబడి, వీధిలోంచే వెళ్ళిపోయాడు.

నాన్న పోయాక అమ్మ కర్నూల్లో నా దగ్గరే ఉంటోంది. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయని డాక్టరు చెప్పాడు. నడవగలిగితే ఈ ఏడాదే నడవాలి. పుట్టిల్లు చూడాలనుందని ఆమె నోటితో అనదు, పంతం అలాంటిది. కానీ ఆదివారం సాయంత్రం నేను ఇంట్లో కాలు పెట్టగానే, ఎంతదాకా పోయొచ్చావని అడిగేది. చెబితే, వేళ్ళ మీద మైళ్ళు లెక్కేసుకునేది. బూరుగుదిన్నెకు ఇంకా ఎంత దూరముందో ఆ లెక్క. ఆమెను ఒక్కసారి ఆ దావలో నడిపించి తమ్ముడి గడప తొక్కించాలి. గాడాగుడ్డ, ఒండ్రు, బొగ్గు అన్నీ దాని వెనకే.

నడక సాగేకొద్దీ నేను ఊరికే ఉండలేకపోయాను. పేర్లు దొరికితే చాలదు, వాటికి చరిత్ర కూడా కావాలి కదా. అమ్మ మైలు దగ్గరికొచ్చేసరికి నా తెలివి మరీ ఎక్కువైంది. కోతి కచేరి అంటే ఏమిటి? నవాబుల కాలంలో అక్కడో కచేరి ఉండుంటుంది. దొరసాని? ఏ తెల్లదొర భార్యో గుర్రం మీంచి పడి అక్కడ పోయుంటుంది. ఏడుపు రాయి? భర్తతో పాటు చితి ఎక్కిన ఇల్లాలి రాయై ఉంటుంది. ఇలా రెండు పేజీలు రాసి సంస్థ వాళ్ళకి పంపితే వాళ్ళు మురిసిపోయారు. నేను వాళ్ళకంటే ఎక్కువ మురిసిపోయాను.

ఒక్కటే చిక్కు. బూరుగుదిన్నె కింద ఏట్లో రసూల్ సాహెబ్ అని ఒకాయన ఎండాకాలం ఇసుకలో దోసపాదులు పెడతాడు. మామ ఈడువాడే. ఏటి పేర్లన్నీ ఆయన నోట్లో ఉంటాయి. నేను వెళ్ళినప్పుడు కిందివైపు పేర్లు గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. అమ్మ మైలు పేర్లు అడిగితే తల గోక్కున్నాడు.

"ఈ ఏట్లోనే పుట్టినా, ఈ ఏట్లోనే ముసలోణ్ణయినా. కోతి కచేరంట, ఎప్పుడూ ఇనలేదు తల్లీ."

ఊరు తన చరిత్రను తానే మర్చిపోయిందని పుస్తకంలో బాధగా రాసుకున్నాను.

ఇక మామ దగ్గరికి వెళ్ళక తప్పదు. చేను ఆయనది, ఆ మైలు ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలీదు. నేరుగా మాట్లాడే ధైర్యం లేక ఆయన కొడుకు అవినాష్‌కి ఫోన్లో నాలుగు ముక్కలు పంపాను. అందరిలాగే తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఆదివారం వస్తున్నాను, ఏటి దావ గురించి మామతో మాట్లాడాలి, అమ్మ చెప్పిన పేర్లన్నీ రాసుకున్నాను, అని. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం ఉండదన్న ఇంగితం నాకు లేకపోయింది. పిల్లలకు ఒక గీత తప్పు వేస్తే చెరిపించి మళ్ళీ వేయించే టీచర్ని నేను.

ఆ ఆదివారం పొద్దున పదింటికి గట్టెక్కేసరికి అవినాష్ ఎదురొచ్చాడు. నాకంటే చిన్నవాడు, వదినా అంటాడు. మనిషి ముఖంలో నవ్వు లేదు. నాన్న ఇంటి దగ్గర ఉన్నాడు, పెద్దమనుషుల్ని కూడా పిలిపించాడు అన్నాడు. నడక గురించి వినడానికి పెద్దమనుషులు కూడా వచ్చారని నేను పొంగిపోయాను.

మామ అరుగు మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. పక్కన మాజీ సర్పంచి దావీదురాజు, కింది మెట్టు మీద రసూల్ సాహెబ్. మామ ఒళ్ళో ఎర్రగుడ్డలో కట్టిన కాగితాల మూట. మంచినీళ్ళు కావాలా అని ఎవరూ అడగలేదు. మా వైపు శత్రువునైనా అడుగుతారు. నాకు ఒళ్ళు మండింది.

మామ నా వైపు చూడకుండా, మీ నాన్న పోయినా మీకింకా అది వదల్లేదా అన్నాడు. దావ సంగతే అనుకుని, నాన్న లేకపోతే ఏం, అది అమ్మకు కావాలి అన్నాను. అమ్మకా అన్నాడు. అవును, పేర్లన్నీ ఆమే దగ్గర కూర్చుని రాయించింది అన్నాను. అరుగు మీద ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. మామ నా చేతిలోని పుస్తకం వైపు వేలు చూపించాడు.

"చదువు పాపా. అందరూ ఇంటారు. మా అక్క ఎవురెవురి పేర్లు పెట్టిందో నేనూ ఇంటా."

వినడానికి ఇంత ఉత్సాహమా అనుకుని, పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాను. గడ్డపల్లె వైపు నుంచి వరసగా చదివాను. బచ్చాల బండ. కోతి కచేరి. అత్తమ్మ మూతి. దొరసాని. మొండోని మడుగు. ఏడుపు రాయి.

దావీదురాజు నొసలు ముడిచి, వీళ్ళంతా ఏ ఊరివాళ్ళమ్మా అని అడిగాడు. అప్పుడు కానీ నాకు అనుమానం రాలేదు. అవినాష్ ఫోను తీసి నా ముక్కలే నాకు చూపించాడు. దావ దావా అయింది. పేర్లు సాక్షుల పేర్లయ్యాయి. అక్క మళ్ళీ కోర్టుకెక్కుతోందని మామ మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినలేదట. తల కొట్టేసినట్టయింది నాకు. రసూల్ సాహెబ్ నవ్వాపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

మామ నవ్వలేదు. ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. ఏడుపు రాయి దగ్గరికొచ్చేసరికి ఆయన భుజాలు కదలడం చూశాను.

"అయ్యి ఊరి పేర్లు గావు పాపా," అన్నాడు. "మా ఇద్దరియి. నేనూ అక్కా పెట్టుకున్యాం."

ఒక్కొక్కటే చెప్పాడు. బచ్చాలంటే మా వైపు బొబ్బట్లు. వాటంత గుండ్రంగా, పల్చగా ఉండే బండ అది, పండక్కి ఇంట్లో బచ్చాలు చేయలేని ఏడు దాని మీద ఉత్త చేతులతో తట్టి ఒకరికొకరు పెట్టుకున్నారట. కోతి కచేరి అంటే రాళ్ళ గుంపు. కోతులు వరసగా కూర్చుంటే అక్క జడ్జిలాగా తీర్పులు చెప్పేదట. దొరసాని అంటే గొడుగు పట్టినట్టు పెరిగిన బ్రహ్మజెముడు. అత్తమ్మ మూతి, ఏరు మూతి ముడుచుకున్నట్టు తిరిగే మలుపు. మొండోడు మామే, మడుగులో దిగితే పైకి రానని మొరాయించేవాడు. ఇక ఏడుపు రాయి, కాళ్ళు నొప్పులని ఏడ్చి, ఆయన రోజూ కూలబడే చోటు.

నా నవాబులు, నా దొరసాని, నా ఇల్లాలు అందరూ ఆ అరుగు మీదే పోయారు. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువ ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఊరి జ్ఞాపకం అని నేను రాసుకున్నది ఇద్దరు పిల్లల ఆట. ఊరంతా వెతికినా అది తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరికీ మాటల్లేవు.

మామ కాగితాల మూట పక్కన పెట్టాడు. నా వైపు మొదటిసారి చూశాడు.

"కోర్టులో లాయరు అడిగినాడు పాపా. దావ ఉండేదంటాండావు గదా, దాంట్లో యాడేముండాదో పేర్లు చెప్పమ్మా అని. అక్క నా పక్క సూసింది. నోరు తెరవలా. అన్నీ మర్సిపోయిందనుకున్యా. అయ్యే మర్సిపోయినాక ఇంక నేనెంత అనుకున్యా. దావా ఏసినందుకు గాదు పాపా, దాని కోసరమే నీ పెండ్లికి గూడా రాలేదు."

పదహారేళ్ళ నా కోపానికి ఇదా కారణం? తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి ఊరుకున్నాను. అప్పుడు మామే లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు.

ఇంటికొచ్చి అమ్మకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె అనుములు ఒలుస్తోంది. తాను దావా వేస్తుందని తమ్ముడు అనుకున్నాడన్న దగ్గర ఆమెకు చర్రుమంది. చేట పక్కకు నెట్టేసింది. వాడి గడప జన్మలో తొక్కనంది. కోర్టు మాట చెప్పేసరికి మాత్రం చేటను మళ్ళీ దగ్గరికి లాక్కుంది. పేర్లు మర్చిపోయావనుకున్నాడట అన్నాను.

"మర్సిపోతానామ్మే?" అంది. "నాలిక చివరే ఉన్యాయి. అయ్యి చెప్తే మీ నాయన గెలుస్తాడు. నల్లకోట్లోళ్ళంతా మా తమ్ముణ్ణి సూసి నగుతారు, మొండోడా, ఏడుపోడా అని. ఎట్ల చెప్పేది? వాడే ఎదురుగా నిలబడిండె. వానికి అర్థమైతాదనుకున్యా."

అప్పుడు నాకు తెలిసింది, నాన్న ఎందుకు ఆమెతో మాట్లాడ్డం మానేశాడో. ఆమె మొగుడి కేసు పోగొట్టుకుని తమ్ముణ్ణి కాపాడింది. ఆ తమ్ముడు అది చూసి తనను మర్చిపోయిందనుకున్నాడు. మొగుడూ దూరమే, తమ్ముడూ దూరమే. ఇంత మంది మధ్య ఆమె ఒక్కతే ఎలా నెట్టుకొచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను. అనుముల పొట్టు జుట్టుకంటుకుంటుందని ఆమె నన్ను లేపింది.

ఐదోరోజు అన్నం తింటూ, ఆదివారానికి ఆటో మాట్లాడమంది. బూరుగుదిన్నెకు రోడ్డు మీద పోదామా అన్నాను. రోడ్డు మీద పోయేదానికి ఇరవై రెండేళ్ళు ఆగాల్నా అంది. గడ్డపల్లె వైపు నుంచి గట్టు మీద ఆటో పోయినంత దూరం పోయి, అక్కడ దిగి, నడిచే వెళ్తుందట. అవినాష్‌కి ఫోను చేసి చెప్పాను. ఈసారి నోటితోనే చెప్పాను.

ఆదివారం మేము వెళ్ళేసరికి ఎండ కాస్త ఎక్కింది. ఆటో మామ చేను మొదట్లో ఆగిపోయింది. అమ్మ నా భుజం పట్టుకుని దిగి, తలెత్తి చూసి, అలాగే నిలబడిపోయింది.

చేనంతా ఛాతీ ఎత్తు కంది. కాయ పట్టి, గింజ ముదరని కంది. దాని మధ్యలో, పాత దావ ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడ, బండి పట్టేంత వెడల్పున ఈ చివర నుంచి ఆ చివర దాకా కోసేశారు. మోళ్ళు కాలికి తగలకుండా పారతో చెక్కి, పైన ఏటి ఇసుక పరిచారు. కోసిన మండలు పక్కన కుప్పలుగా ఉన్నాయి, ఇంకా పూర్తిగా వాడలేదు. ఆ చివర మామ కొడవలి పట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి కొడవలి కింద పెట్టి వచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నాలుగడుగుల దూరంలో ఆగి, ఎక్కడ చూడాలో తెలీక నేల చూశాడు.

వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారోనని వారం రోజులుగా నేను ఎన్నో ఊహించుకున్నాను. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. అమ్మ కంది కుప్ప దగ్గరికి కుంటుతూ వెళ్ళి, ఒక మండ ఎత్తి, కాయ చిదిమి చూసింది.

"కాయబట్టిన కందిని ఎవుడన్నా కోస్తాడారా? నీకేమన్నా బుద్ధుండాదా?"

"దావ ల్యాకపోతే ఎట్లొస్తావక్కా," అన్నాడు మామ.

"గట్టెంబడి వచ్చేదాన్ని. సాళ్ళల్లో దూరొచ్చేదాన్ని. నువ్వు రమ్మన్యావా? ఒక్క తూరి రా అక్కా అంటే, ముండ్ల మీదన్నా నడిచొచ్చేదాన్ని గదరా."

మామ ఇసుక మీద రెండడుగులు ముందుకేశాడు.

"రా అక్కా."

అమ్మ కదల్లేదు. నా భుజం వదిలేసి, చెయ్యి ముందుకు చాపింది.

"మోకాళ్ళు రావురా నాకు. చెయ్యియ్యి."

ఆయన బొబ్బలెక్కిన చెయ్యి ఇచ్చాడు. ఇద్దరూ ఇసుక మీద మెల్లగా నడిచారు. నేను వెనకే ఉండిపోయాను, నాకు కళ్ళు కనబడలేదు. కందిచేను దాటేదాకా అమ్మ ఆ పైరు గురించి తిడుతూనే ఉంది. మామ ఊ కొడుతూనే ఉన్నాడు.